ఒరిజినల్ పార్టులు ఎక్కడ్నుంచి వస్తాయి?

మా అపార్టుమెంటు సెల్లార్లో కెమెరా పట్టిన ఆ దృశ్యం మొత్తం కలిపి ఒక్క నిమిషం కూడా లేదు. తెల్లవారుజాము మూడుంపావు. ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు కవరు తీసి, నాలుగు మడతలు పెట్టి పక్క బండి సీటు మీద పెట్టాడు. రెండోవాడు హ్యాండిల్ పట్టుకుని గట్టిగా ఒక్క గుంజు గుంజాడు. తర్వాత ఇద్దరూ కలిసి బండిని తోసుకుంటూ ర్యాంపు ఎక్కించి వెళ్లిపోయారు. కిక్కు కొట్టలేదు, చప్పుడు చెయ్యలేదు. పక్కనే రెండేసి లక్షలు చేసే కొత్త బళ్లు నాలుగున్నాయి. వాటి మొహం కూడా చూడలేదు. వాళ్లకి కావలసింది 1991 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100. మా నాన్న బండి.

కవరు మడతపెట్టడం చూసి నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. అంత పద్ధతిగా నేనెప్పుడూ మడతపెట్టలేదు.

ఇది 2023 సంగతి. ఆ వారమంతా ఫోన్లే. పలకరించినవాళ్లందరూ ఇంచుమించు రెండే మాటలన్నారు. ఒకటి, "ఆ రోజుల్లో ఇలా ఉండేదా? తాళం బండికే వదిలేసి పోయినా ఎవడూ ముట్టుకునేవాడు కాదు." రెండు, "ఆ బండి విలువ దొంగెధవలకేం తెలుసు?" ఓదార్పుకి అన్న మాటలే, కాదనను. కానీ ఈ రెండూ అబద్ధాలు. మొదటిది మరిచిపోయి ఆడే అబద్ధం. రెండోది తెలిసి ఆడేది. దాంట్లో నాకూ వాటా ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందు ఆ రోజుల సంగతి చూద్దాం.

మా నాన్న తెనాలిలో ఒక ఎరువుల కొట్లో గుమస్తా. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి బాకీలు వసూలు చేసే పని. సైకిలు మీద అయ్యేది కాదు. బండి ఇరవై వేలకి కాస్త అటూ ఇటూ అయింది. అది ఆయన ఏడాది జీతం కంటే ఎక్కువ. అమ్మ గాజులు నాలుగూ అమ్మితే సగం పైన వచ్చింది, మిగతాది షావుకారు జీతంలో కోసుకునే లెక్కన ఇచ్చాడు. అలాంటి బండిని తాళం వదిలేసి పోతాడా ఎవడైనా?

ఇంటి ముందు రెండు మెట్లుండేవి. రాత్రి తొమ్మిదయ్యేసరికి వాటి మీద చెక్క వేసి, బండిని వసారాలోకి ఎక్కించేవాడు. పెట్రోలు కాక్ మూసేవాడు. వెనక చక్రంలోంచి గొలుసు దూర్చి కిటికీ ఊచకి వేసి తాళం కొట్టేవాడు. అది బండి కోసం కొన్న గొలుసు కాదు, గేదె గొలుసు. సినిమాకి వెళ్తే స్టాండు కుర్రాడిచ్చే టోకెను మీద నమ్మకం లేక, స్పార్కు ప్లగ్గు క్యాప్ తిప్పి ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఇంటర్వెల్లో ఒకసారి పోయి చూసొచ్చేవాడు. రాత్రిళ్లు కుక్క మొరిగితే టార్చిలైటు పట్టుకుని లేచేవాడు. ఆయిల్ మరకలూ పొగ వాసనా భరించలేక నాయనమ్మ తిట్టేది. బంధువుల పెళ్లిళ్లకి అమ్మానాన్నా కలిసి వెళ్లి రాత్రి ఉండిపోవడం నా చిన్నతనంలో నేను చూడలేదు. ఒకరు బండికి కాపలా ఉండాలి. ఉండిపోయేది ఎప్పుడూ అమ్మే.

మీ ఇంట్లో కూడా ఇంచుమించు ఇలాగే నడిచి ఉంటుంది. నాన్న వెనక కూర్చుని నడుం పట్టుకుని వెళ్లిన సంగతి గుర్తుంటుంది, వెళ్లకుండా ఇంట్లో ఉండిపోయిన మనిషి గుర్తుండదు. బండి కట్నంలో వచ్చిందా, గాజులమ్మితే వచ్చిందా అన్నది 'మా నాన్న ఫస్ట్ బైక్' ఫొటో కింద ఎవరూ రాయరు.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో వీధి కాపలా కాసేదంటారు. నిజమే, కాసేది. బండి దగ్గర కాసేపు నిలబడి అద్దంలో మొహం చూసుకున్న పల్లె కుర్రాణ్ని "ఏంరా, ఏం పని నీకిక్కడ?" అని పెద్దమనుషులు తరమడం నేను చూశాను. వాడేం తియ్యలేదు. తీసే రకంగా కనపడ్డాడు, అంతే. వీధిలో నాలుగే బళ్లున్నప్పుడు అవి ఎవరివో అందరికీ తెలుసు, ఎవరివి కాలేవో కూడా అందరికీ తెలుసు. ఆ భద్రతని ఇవాళ గుండెలు బాదుకుని తలుచుకునేముందు, అది ఎవరిమీద అనుమానంతో నడిచిందో కూడా తలుచుకోవాలి.

ఇక రెండో మాట. విలువ దొంగలకి తెలియదా? మనకంటే బాగా తెలుసు. ఎందుకంటే ఆ విలువ పెంచింది మనమే.

ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి 1985లో ఆర్‌ఎక్స్ 100 తీసుకొచ్చింది. 1996లో తయారీ ఆపేశారు. 98 సీసీ ఇంజను, 11 హార్స్‌పవర్, నూరు కిలోలకి కాస్త అటూ ఇటూ బరువు. తేలికైన ఒంటికి టూ స్ట్రోక్ ఇంజను తగిలిస్తే యాక్సిలరేటర్ తిప్పగానే ముందుకి దూకుతుంది. దాని మహత్తంతా అదే. ఆగిపోయిన కారణం కూడా అదే ఇంజను. పెట్రోలుతో పాటు ఆయిల్నీ కాలుస్తుంది, పెట్రోల్లో కొంత కాలకుండానే పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. పొగ నిబంధనలు బిగిసేసరికి దాని కాలం చెల్లింది. "గవర్నమెంటు చంపేసింది" అని శోకాలు పెట్టేవాళ్లు, అప్పట్లో ఆ బళ్ల వెనక సైకిలు తొక్కినవాళ్లని ఒక మాట అడిగితే బాగుంటుంది.

రాజ్‌దూత్ 350 కథ ఇంకా చిత్రం. యమహా ఆర్‌డీ 350కి మనదేశపు రూపం అది. 1983లో వచ్చింది. రెండు సిలిండర్లు. ధరెక్కువ, పెట్రోలు తాగేస్తుంది అని జనం కొనలేదు. దశాబ్దం చివరికల్లా మూతపడింది. ఇప్పుడు దానికి లక్షలడుగుతున్నారు. ఉన్నప్పుడు వద్దన్న బండికి పోయాక భక్తులయ్యాం. 2018లో 'ఆర్‌ఎక్స్ 100' పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది. ఆ ఏడాది మా మెకానిక్కు ఫోను మోగని గంట లేదు. పుట్టకముందే తయారీ ఆగిపోయిన బండి మీద బెంగ పెట్టుకున్న ఇరవయ్యేళ్ల పిల్లలు ఆయన షెడ్డు ముందు నిలబడేవాళ్లు. నేను వాళ్లని చూసి నవ్వాను. నాది వారసత్వం కదా, వాళ్లది ఫ్యాషన్ అనుకున్నాను.

సరే, ఇప్పుడు లెక్క వేద్దాం. తయారీ ఆగి ముప్పై ఏళ్లు కావస్తోంది. బళ్లేమో రోజురోజుకీ కొత్తవాటిలా మెరుస్తూ రోడ్డెక్కుతున్నాయి. వాటికి పార్టులు ఎక్కడ్నుంచి వస్తున్నాయి? రాగలిగేది మూడు చోట్ల నుంచే. ఒకటి, పాత కొట్లలో అమ్ముడుపోకుండా మిగిలిన సరుకు. అది ఎప్పుడో అడుగంటింది. రెండు, ఇప్పుడు కొత్తగా చేస్తున్న నకళ్లు. వాటిని మనం డూప్లికేట్ అని ఈసడిస్తాం. జపాన్ ముద్ర ఉన్న పార్టయితేనే కళ్లకద్దుకుంటాం. ఇక మిగిలింది మూడోది: ఇంకో బండి.

ఆ ఇంకో బండి ఎవరిది?

నేను అడగలేదు. 2021లో నాన్న బండి బాగుచేయించడం మొదలుపెట్టాను. ట్యాంకు తుప్పు పట్టి అడుగున చిల్లులు పడింది. "డూప్లికేట్ మూడు వేలకి దొరుకుద్ది సార్. ఒరిజినలే కావాలంటే మాత్రం ఒకచోటుంది, తొమ్మిది చెప్తాడు," అన్నాడు మెకానిక్కు. ఒరిజినలే కావాలన్నాను. సగం షట్టరు దించిన ఒక కొట్లోకి వంగి వెళ్లాం. గోనెసంచిలోంచి ట్యాంకు తీసి నా చేతిలో పెట్టాడు. అటూ ఇటూ తిప్పి చూస్తుంటే లోపల పెట్రోలు కదిలింది. పైన ఒక స్టిక్కరు: 'నాన్న గిఫ్ట్'.

తుక్కుకి పోయిన బండి ట్యాంకులో పెట్రోలుండదు. ఆ బండి నిన్నో మొన్నో ఎక్కడో తిరిగింది. ఇది అర్థం కావడానికి మెకానిక్కు కానక్కర్లేదు. నాకు అర్థమైంది కూడా. నేనడిగిన ప్రశ్న ఒక్కటే: "రేటేమన్నా తగ్గుద్దా?"

ఎనిమిదిన్నరకి ఇచ్చాడు. ఇంటికొచ్చి థిన్నర్లో గుడ్డ ముంచి, బ్లేడుతో గీకి స్టిక్కరు తీసేశాను. 'గిఫ్ట్' తేలిగ్గానే ఊడింది. 'నాన్న'తో పాటు కింద రంగు లేచొచ్చింది. ఎలాగూ రంగు వేయించాలి కదా అనుకున్నాను.

చట్టానికి నా మీద ఉన్నంత స్పష్టత నా మీద నాకు లేదు. అప్పటి ఐపీసీలో 411 సెక్షను, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317. దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ, చెడ్డబుద్ధితో తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు. మామూలు దొంగతనానికి కూడా గరిష్ఠ శిక్ష మూడేళ్లే. అంటే రోడ్డు మీది బండి ఎత్తుకుపోయినవాడూ, పట్టపగలు బేరమాడినవాడూ చట్టం తక్కెట్లో సమానమే. "నమ్మడానికి కారణం" అన్నారు చూశారా, నా విషయంలో ఆ కారణం ట్యాంకులో కదిలిన చప్పుడు.

"అందరం దొంగసరుకే కొంటున్నామా?" అని మీరు అడగొచ్చు. లేదు. ఇంట్లో మూలపడున్న బండిని వద్దనుకుని అమ్మేసేవాళ్లు ఉన్నారు, యాక్సిడెంటయిన బండిని పార్టులకి ఇచ్చేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసిన ఒక పెద్దాయన, మెకానిక్కు, తన దగ్గరికొచ్చిన ప్రతి పాత ఇంజనుకీ అమ్మినవాడి ఆర్‌సీ జిరాక్సు ఫైల్లో పెట్టుకుంటాడు. ఆయన దగ్గర ధర ఎక్కువ, సరుకు తక్కువ, జనం ఇంకా తక్కువ. నిజాయితీగా దొరికే సరుకు ఎంతో ఆయన ఫైలు చూస్తే తెలుస్తుంది. దానికీ మన కోరికకీ మధ్య ఉన్న తేడాని ఎవరో ఒకరు రాత్రిపూట పూడుస్తుండాలి. మా సెల్లార్లోకి వచ్చిన కుర్రాళ్లు ఆ పని మీద వచ్చినవాళ్లే. నాలాంటి ఒకడు ఎక్కడో "ఒరిజినలే కావాలి" అని ఉంటాడు.

"జ్ఞాపకం కూడా నేరమేనా?" అంటారేమో. జ్ఞాపకానికి ఎవరి ట్యాంకూ అక్కర్లేదు. నాన్న చొక్కా జేబులో పెట్రోలు వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది, దానికి తొమ్మిది వేలు కాలేదు. నేను డబ్బు పోసింది జ్ఞాపకం మీద కాదు. నలుగురి ముందు "ఫుల్లీ ఒరిజినల్" అని చెప్పుకోవడం మీద. నేను కాపాడుకోవాలనుకున్నది కూడా దాన్నే. కాదనడానికి వీల్లేని సాక్ష్యం ఒకటుంది, చెప్తాను.

బండి తాళం అరిగిపోయింది. మా ఫ్రెండు బండి తాళంచెవి పెట్టినా తిరిగేది. "లాక్‌సెట్టు మార్చండి సార్" అని మెకానిక్కు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఒరిజినల్ లాక్‌సెట్టు, నాన్న వాడిన తాళంచెవి, మార్చనన్నాను. డిస్క్ లాక్ కొందామని వెళ్తే కొట్టువాడు నవ్వాడు: "మీ బండికి డిస్కెక్కడుంది సార్? ముందూ వెనకా డ్రమ్ములే కదా." ఆ నవ్వుతో నా భద్రతా చర్యలు పూర్తయ్యాయి. గేదె గొలుసు ఊళ్లోనే ఉంది. మెరిసే బండి పక్కన నాటుగా ఉంటుందని తేలేదు. క్రోమ్ పూతకి పెట్టిన డబ్బులో పదోవంతుతో మంచి గొలుసూ, ఎవరికీ కనపడని ఒక స్విచ్చీ వచ్చేవి.

స్టేషన్లో మొదటి ప్రశ్న: "ఆర్‌సీ ఎవరి పేరు మీదుంది?" నాన్న పేరు మీద. ఆయన పోయింది 2015లో. వారసులు మూడు నెలల్లోపు పేరు మార్పించుకోవాలి. నేను మార్పించలేదు. మామూలుగా రిజిస్ట్రేషను పదిహేనేళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి కొత్తది చేయించాలి. నాన్న 2006లో చేయించాడు. 2011 తర్వాత ఎవరూ చేయించలేదు. గుంటూరు జిల్లా బండిని రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు తెచ్చి ఏడాదికి మించి ఉంచుకుంటే తెలంగాణ నంబరు తీసుకోవాలి. తీసుకోలేదు. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ మాత్రమే, దానికి దొంగతనంతో సంబంధం లేదు. "వింటేజ్ బండి కదండీ" అని గొణిగాను. అదీ అబద్ధమే. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభయ్యేళ్లు దాటితేనే వింటేజ్. మా బండికి ఆ హోదా రావాలంటే 2041 దాకా ఆగాలి.

ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు, ఫిర్యాదు తీసుకున్నాడు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుంటే ఒక సంగతి తట్టింది. ఎనిమిదేళ్లుగా 'నా బండి' అంటున్నాను. కాగితం మీద అది నాది కాదు, కాగితం చెల్లేది కూడా కాదు. ఆ కుర్రాళ్లకి దాని మీద ఎంత హక్కుందో ప్రభుత్వం లెక్కలో నాకూ కాస్త అటూ ఇటూగా అంతే ఉంది.

కాబట్టి పాత బండి మీద ప్రేమ ఉందనేవాళ్లని నేనిప్పుడు కవిత్వం అడగను, కాగితాలడుగుతాను. రిజిస్ట్రేషను బతికుందా? పేరు మార్పించావా? పార్టు కొంటే అది ఏ బండిదో, అమ్మినవాడెవడో రాసిచ్చిన చీటీ ఉందా? ఇంజను మార్చావంటే రవాణా శాఖ అనుమతితో ఆర్‌సీలో ఎక్కించావా? బండి మొత్తం కొంటే ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ కళ్లతో చూసి, ఆర్‌సీతో పోల్చి, గీకిన గుర్తులున్నాయేమో తడిమి చూశావా? పోయిన బళ్ల వివరాలు జాతీయ నేర గణాంకాల సంస్థ సైట్లో చూసుకునే వీలుంది, చూశావా? ఇవి విసుగు పుట్టించే పనులు. సూర్యాస్తమయంలో బండి పక్కన నిలబడి ఫొటో దిగినంత హాయిగా ఉండవు. కానీ బండిని సొంతం చేసుకోవడమంటే ఇవే. మిగతాదంతా దాని అందానికి మురిసిపోవడం.

డూప్లికేట్ పార్టు వేసుకుని ఆ మాట గట్టిగా చెప్పండి. ట్యాంకు కొత్తదేనండీ, మూడు వేలు, బిల్లుంది, అనండి. అలా అనేవాళ్లు నలుగురైతే గోనెసంచుల్లో వచ్చే ట్యాంకులకి గిరాకీ తగ్గుతుంది. అరిగిన తాళం మార్చండి, గొలుసు నాటుగా ఉన్నా వెయ్యండి, కదలని స్తంభానికి వెయ్యండి. నెలల తరబడి కవరు కింద దాచకండి. రోజూ నడిచే బండిని వీధి గుర్తుపడుతుంది. కవరు కింద ఉన్నదాన్ని గుర్తుపట్టేది దాని ధర తెలిసినవాడే.

డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' (1948) మీలో చాలామంది చూసే ఉంటారు. తాకట్టులో ఉన్న సైకిలు విడిపించడానికి భార్య మంచం మీది దుప్పట్లు తీసి కుదువ పెడుతుంది. పనిలో చేరిన మొదటి రోజే సైకిలు పోతుంది. వెతికి వెతికి, చివరికి ఆంటోనియో తనే ఒక సైకిలు దొంగిలించబోయి కొడుకు కళ్లముందే దొరికిపోతాడు. ఇన్నేళ్లుగా మనం ఆ తండ్రి కోసం ఏడుస్తున్నాం. వాడికి ఆ సైకిలు లేకపోతే ఉద్యోగం లేదు, ఇంట్లో తిండి లేదు. నాకేం తక్కువైందని ఆ ట్యాంకు కొన్నాను?

బండి పోయిన నాలుగు నెలలకి ఒక బ్రోకరు ఫోను చేశాడు. "మీ మోడలే సార్, తొంబయ్యొకటి, నలుపే. కాగితాలు తర్వాత చూసుకోవచ్చు." ముందు ధరే అడిగాను. ఇదీ దాచను. ఛాసిస్ నంబరు పంపమని అడగడం ఆ తర్వాతే గుర్తొచ్చింది. "అదెందుకు సార్ ఇప్పుడు?" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆ రాత్రి అమ్మకి అంతా చెప్పాను, ట్యాంకుతో సహా. బండి పోయినందుకు ఆవిడ ముందే పెద్దగా బాధపడలేదు, ఎందుకో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన బండి సంగతి వదిలెయ్‌రా. ఆ ట్యాంకు మీద వాళ్ల నాన్న కొనిచ్చాడని రాసుందన్నావే, ఆ పిల్లాడు ఎక్కడెక్కడ వెతుక్కున్నాడో," అంది.

స్టేషన్లో బండి గుర్తులు రాయమన్నప్పుడు నేను రాసిచ్చిన కాగితం జిరాక్సు నా దగ్గరుంది. నలుపు రంగు, సీటు కుడిపక్క కుట్టు, ట్యాంకు ఒరిజినల్, అని ఉంది అందులో.